గోపాలపూర్ బీచ్‌కని చెప్పి ఆపరేషన్‌కి తీసుకెళ్ళవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను పాతపట్నం నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. మా బాబుకి ఆరేళ్ళు, ఒకటో తరగతి. గజ్జలో వాపు వస్తూ పోతూ ఉంటే చూపించాం. లోపలి పేగు గజ్జలోకి జారి ఉబ్బుతోందట, హెర్నియా అన్నారు. ఇంకో పది రోజుల్లో బరంపురంలో ఆపరేషన్. పూర్తి మత్తు ఇస్తారట. క్రితం నెల ఒక ల్యాబ్‌లో రక్తం తీసేటప్పుడు నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి తెల్లకోటు కనిపిస్తే చాలు, నా వెనక దాక్కుంటున్నాడు. మావారేమో గోపాలపూర్ బీచ్‌కని చెప్పి తీసుకెళ్ళిపోదాం అంటున్నారు. ముందే చెబితే బెంగతో జ్వరం తెచ్చుకుంటాడని మా అత్తగారి భయం. కానీ ఇంట్లో మాటలు వాడు ఎలాగో విన్నట్టున్నాడు. మొన్న రాత్రి "నన్ను కూడా తాతలాగే నిద్రపుచ్చేస్తారా?" అని అడిగాడు. మా మామగారు పోయిన ఏడాది కాలం చేశారు. అప్పుడు వాడికి తాత నిద్రపోయాడనే చెప్పాం. నాకేం చెప్పాలో తెలియలేదు. థియేటర్ లోపలికి నన్ను రానిస్తారా? మత్తు ఇస్తే చదువులో మందగిస్తాడని అంటున్నారు, నిజమేనా? నాకు ఒడియా అంతగా రాదు. టెన్షన్‌తో నాకే నిద్ర పట్టడం లేదు.

— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందు బీచ్ సంగతి తేల్చేద్దాం. వద్దు. సముద్రం చూడబోతున్నానని బయల్దేరిన పిల్లవాడు ఆసుపత్రి గేటు దగ్గర దిగితే, ఆ క్షణం నుంచి మీరు చెప్పే ఏ మాటనూ నమ్మడు. "ఏం కాదు నాన్నా" అని మీరు అన్నప్పుడు వాడికి మీ మాట మీద నమ్మకం ఉండి తీరాలి. ఆ రోజు వాడి దగ్గర ఉండే ధైర్యం అదొక్కటే. నేను మత్తు డాక్టరుని. థియేటర్ గుమ్మంలో గుండెలవిసేలా ఏడ్చే పిల్లల్లో చాలామంది అబద్ధం చెప్పి తెచ్చినవాళ్ళే. ఏం జరగబోతోందో తెలిసి వచ్చిన పిల్లలూ ఏడుస్తారు. కానీ ఊరుకోబెడితే ఊరుకుంటారు.

మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది. మరీ ముందుగా చెబితే రోజులు లెక్కపెట్టుకుంటూ దిగులు పడతారు. రెండు మూడేళ్ళ పిల్లలకైతే ఒక రోజు ముందు చెప్పినా చాలు. ఆరేళ్ళవాడికి అది చాలదు. విన్నదాన్ని మనసులో తిప్పుకోవాలి, మళ్ళీ మళ్ళీ అడగాలి, అమ్మా నాన్నా ఒకే జవాబు చెబుతున్నారో లేదో చూసుకోవాలి. దానికి అయిదారు రోజులు కావాలి. మీవాడైతే ఇప్పటికే సగం విని, మిగతా సగం తనే ఊహించుకుంటున్నాడు. అందుకని ఇవాళే మొదలుపెట్టండి. రాత్రి పడుకునే ముందు కాకుండా పగటిపూట, ఆడుకుంటున్నప్పుడు చెప్పండి.

మొదట తాత ప్రశ్నకి జవాబు చెప్పాలి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది అదే. పోయినవాళ్ళని "నిద్రపోయారు" అని చెప్పడం మన ఇళ్ళల్లో మామూలే, మీ తప్పేమీ లేదు. కానీ ఆ పిల్లవాడి లెక్క చూడండి. నిద్రపోయిన తాత మళ్ళీ లేవలేదు. ఇప్పుడు నన్నూ నిద్రపుచ్చుతామంటున్నారు. వాడు భయపడకపోతేనే ఆశ్చర్యం. కాబట్టి ఆ ముడి విప్పండి. "తాత నిద్రపోలేదు నాన్నా, చనిపోయారు. తాత పెద్దవాళ్ళు, ఒంట్లో బాగోక చనిపోయారు. నీకు వచ్చింది అలాంటి జబ్బు కాదు. నీకు ఇచ్చేది మందు. ఆ మందు పనిచేస్తున్నంతసేపు నీకేమీ తెలియదు, నొప్పి తెలియదు. ఆపరేషన్ అయిపోగానే డాక్టరుగారు ఆ మందు ఆపేస్తారు, అప్పుడు నువ్వు లేస్తావు. ఆయన నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళరు, నీ పక్కనే కూర్చుంటారు." మామగారికి ఉన్న జబ్బు పేరు వాడికి తెలిస్తే ఆ పేరే చెప్పండి. మీవాడు ఏడ్చినా కంగారు పడకండి. తాత గురించి వాడు ఇన్నాళ్ళూ ఏడవాల్సిన ఏడుపు అది.

ఇంకో జాగ్రత్త. ఇది రాత్రి పడుకునే నిద్రలాంటిది కాదని కూడా చెప్పండి. లేకపోతే కొందరు పిల్లలు ఇంటికొచ్చాక రాత్రి కళ్ళు మూసుకోవడానికే భయపడతారు. మధ్యలో మెలకువ వస్తుందేమో అన్న భయం పెద్ద పిల్లల్లో ఎక్కువ. మీవాడు అడిగితే, అలా రాకుండా చూసుకోవడమే ఆ డాక్టరు పని అని చెప్పండి. గుండె, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూపించే మిషన్లు పక్కనే ఉంటాయి. మత్తు డాక్టరు వాటిని చూస్తూ మందు హెచ్చుతగ్గులు చేస్తూనే ఉంటారు.

ఇక ఆపరేషన్ సంగతి. ఈ వయసు మగపిల్లల్లో పైకి చెప్పని భయం ఒకటుంది. గజ్జ దగ్గర ఆపరేషన్ అంటే "అక్కడ" కోసేస్తారని. దానికి తోడు మేనమామలు, బాబాయిలు సరదాకి "కోసేస్తార్రోయ్" అంటారు. ఆ సరదా మనిషిని పక్కకి పిలిచి గట్టిగా చెప్పండి. బాబుకి మాత్రం బొమ్మ గీసి చూపించండి. ఉబ్బు ఎక్కడ వస్తోంది, గంటు ఎక్కడ పెడతారు, దాని మీద పట్టీ ఎక్కడ వేస్తారు. "నీ ఉచ్చపోసుకునేదానికి ఏమీ చెయ్యరు, అది అలాగే ఉంటుంది" అని ఆ మాటే అనండి. ఆసుపత్రి గౌను వేస్తారని, డాక్టర్లు అక్కడ చూస్తారని ముందే చెప్పండి. చెడ్డీ మత్తు ఇచ్చిన తర్వాతే తియ్యమని అడగవచ్చు. చాలామంది సరేనంటారు.

సూది గురించి అడిగితే "చీమ కుట్టినట్టు ఉంటుంది" అనకండి. ఆ ల్యాబ్‌లో వాడికి అదే మాట చెప్పి ఉంటారు. అది చీమ కాదని వాడికి తెలిసిపోయింది. "కొంచెం నొప్పెడుతుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, నేను నిన్ను పట్టుకునే ఉంటాను" అంటే చాలు. ఆ రోజు జరిగిందీ మీరే ఎత్తండి. "నలుగురం పట్టుకున్నాం, నీకు చాలా భయమేసింది కదా" అనండి. మగపిల్లాడివి ఏడవకూడదు అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనకూడదు. అల్లరి చేస్తే డాక్టరుకి చెప్పి సూది వేయిస్తానని బెదిరించే అలవాటు మీ ఇంట్లో ఉంటే దాన్నీ ఇవాళ్టితో ఆపేయండి.

ఈసారి సూది తేలిగ్గా అయ్యే మార్గాలు రెండున్నాయి. చర్మం తిమ్మిరెక్కించే క్రీమ్ ఒకటి, ఎమ్లా అని అడిగితే తెలుస్తుంది. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మందు అది. సూది పెట్టే చోట మందంగా రాసి, పైన ప్లాస్టర్‌తో కప్పి, దాదాపు గంటసేపు ఉంచాలి. అయిదు నిమిషాల ముందు రాస్తే దండగ. అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. డాక్టరుని అడిగి, కొని పట్టుకెళ్ళండి. ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి అన్నది మాత్రం వాళ్ళు చెప్పినట్టే చెయ్యండి. రెండోది, సూది లేకుండా మాస్క్‌తో గ్యాస్ పీల్పించి మత్తు మొదలుపెట్టడం. మత్తు వచ్చాక చేతికి క్యాన్యులా, అంటే మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం, పెడతారు. పిల్లల విషయంలో ఇది మామూలుగా చేసేదే. మీవాడికి సూదంటే ఇంత భయమని మత్తు డాక్టరుకి ముందే చెబితే ఏది మంచిదో ఆయన చూస్తారు. మాస్క్ అంటే ఇంట్లో సాధన చేయించవచ్చు. నెబులైజర్ మాస్క్ దొరికితే బొమ్మకి పెట్టనివ్వండి, తర్వాత మీకు పెట్టనివ్వండి, చివర్లో వాడే పెట్టుకుంటాడు. బెలూన్ ఊదినట్టు ఊదమనండి. ఆ గ్యాస్‌కి కొంచెం వాసన ఉంటుందని కూడా చెప్పండి.

మీరు లోపలికి వెళ్ళవచ్చా? కొన్నిచోట్ల రానిస్తారు, చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఆపితే గొడవ పెట్టుకోకండి. తల్లి పక్కనుంటే బిడ్డకి భయం ఉండదని మనందరం అనుకుంటాం. కానీ పరిశోధనలు ఆ మాట అనడం లేదు. వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ అనే సంస్థ 2015లో ప్రచురించిన సమీక్ష ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసింది. మత్తు ఇచ్చేటప్పుడు తల్లిదండ్రులు పక్కన ఉన్నంత మాత్రాన పిల్లల భయం తగ్గలేదని తేలింది. చేతిలో వీడియో గేమ్, నవ్వించే మనిషి, చప్పుడూ వెలుతురూ తక్కువగా ఉన్న గది, ఇలాంటివి కొంత ఆశాజనకంగా కనిపించాయి. నా అభిప్రాయం కూడా అదే. మీరు ధైర్యంగా ఉండగలిగితే మీరు రండి. లేకపోతే మీ ఇంట్లో ఎవరి గొంతు వణకదో వాళ్ళే గుమ్మం దాకా రావాలి. మీవారైనా సరే, బాబాయైనా సరే. ఇందులో తల్లి ప్రేమకి పరీక్షేమీ లేదు. పిల్లలు మాట వినేకంటే ముందు మొహం చూస్తారు.

లోపలికి వెళ్ళే హక్కు కోసం పట్టుబట్టే బదులు ఇంకోటి అడగండి. ఇంతకుముందు ఒకసారి ఇంత భయపడిన పిల్లవాడికి, థియేటర్‌లోకి తీసుకెళ్ళడానికి అరగంట ముందు భయం తగ్గించే మందు ఇవ్వవచ్చు. మిడజోలమ్ నోటితో తాగిస్తారు, కొన్ని మందులు ముక్కులో చుక్కలుగా వేస్తారు. మందు పడ్డాక పిల్లవాడు మగతగా, నవ్వుతూ, ఎవరి చేతుల్లోకైనా వెళ్ళిపోతాడు. అందరికీ ఇవ్వరు, ఇవ్వకూడనివాళ్ళూ ఉంటారు. గురక, ఊపిరి ఇబ్బంది ఉంటే తప్పకుండా చెప్పండి. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం, కానీ అడగడం మీ వంతు. భయాన్ని తగ్గించడం ఆ పూటకి ఏడుపు మాన్పించడం కోసమే కాదు. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లల మీద అమెరికాలో చేసి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముందు బాగా భయపడిన పిల్లలకి తర్వాత నొప్పి కూడా ఎక్కువగా ఉందని, ఇంటికెళ్ళాక నొప్పి మాత్రలు కూడా ఎక్కువ వాడాల్సి వచ్చిందని తేలింది.

ఫోన్ ఎక్కువ చూడనివ్వకూడదన్న నియమం ఆ రోజుకి పక్కన పెట్టండి. వాడు ఇంతవరకూ చూడని కార్టూన్ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి, ఆసుపత్రి లోపల సిగ్నల్ని నమ్ముకోలేం. చిన్న చిన్న ఎంపికలు వాడికే వదిలేయండి. ఏ చొక్కా, ఏ బొమ్మ, ఏ చేతికి సూది. అయితే "ఆసుపత్రికి వెళ్దామా?" అని మాత్రం అడక్కండి. వద్దంటే మీరు మానరు కదా.

భాష గురించి దిగులు పడకండి. మీవాడు ఒడియా బడిలోనో, ఒడియా పిల్లలతోనో తిరుగుతుంటే మీకంటే వాడికే బాగా వచ్చి ఉంటుంది. "తుమొ నాఁ కొణొ?" అని ఆ పొద్దున్న వార్డులో ఒకరు, గుమ్మంలో ఒకరు, లోపల ఒకరు పేరు అడుగుతారు. ఏ ఆపరేషన్, ఏ వైపు అని మిమ్మల్నీ అడుగుతారు. వీళ్ళకి ఏమీ గుర్తులేదని కంగారు పడకండి. పొరపాటు జరగకుండా ప్రతి అంచెలోనూ అడిగి తీరాలన్నది నియమం. ఆపరేషన్ చేసే వైపు పెన్నుతో గుర్తు కూడా పెడతారు. బాబుకి ముందే చెప్పి, పేరు గట్టిగా చెప్పడం ఆటలా నేర్పండి. బరంపురంలో తెలుగు వచ్చిన సిస్టర్లు, ఆయాలు దొరకడం కష్టం కాదు, వార్డులో అడగండి. అన్నట్టు, అక్కడి మెడికల్ కాలేజీకి ఉన్నది మీ పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే. కోట చూసిన పిల్లవాడైతే, దారిలో చెప్పుకోవడానికి ఒక కథ దొరికినట్టే.

మత్తు డాక్టరు చూసే రోజున దాచకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆరేళ్ళు కాబట్టి పాలపళ్ళు కదులుతూ ఉంటాయి. కదిలే పన్ను ఉంటే చూపించండి, మత్తులో అది ఊడి గొంతులో పడకూడదు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఆ రోజు బస్సెక్కే ముందే ఫోన్ చెయ్యండి. ఊపిరితిత్తులు చిరాగ్గా ఉన్నప్పుడు మత్తు ఇస్తే గొంతు బిగుసుకునే ప్రమాదం ఎక్కువ, కొన్ని వారాలు ఆగమనవచ్చు. వెళ్ళాల్సినంత దూరం వెళ్ళాం కదా అని దగ్గు మందు తాగించి దాచకండి. మీ ప్రాంతంలో సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. ఆ పరీక్ష చేయించకపోయి ఉంటే అడగండి. అది ఉన్న పిల్లల్ని చలికి, దాహానికి వదలకూడదు.

మీ కులం ఏమిటని మత్తు డాక్టరు అడిగితే చిన్నబుచ్చుకోకండి. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే ఒక ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. మామూలు రోజుల్లో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. కానీ మత్తులో కండరాల్ని వదులు చేయడానికి వాడే సక్సినిల్‌కోలిన్ అనే మందు, అందరికీ కొద్ది నిమిషాల్లో దిగిపోయేది, వాళ్ళకి గంటల తరబడి దిగదు. అంతసేపూ మిషన్ మీద ఊపిరి ఇవ్వాలి. ముందే తెలిస్తే ఆ మందు బదులు వేరేది వాడతారు. కోస్తా ఆంధ్రలో పనిచేసినవాళ్ళకి ఈ సంగతి గుర్తుంటుంది, బయటి డాక్టరుకి తట్టకపోవచ్చు. మీరు వైశ్యులైతే, లేదా మీ రెండు వైపులా ఎవరికైనా మత్తు ఇచ్చాక ఆలస్యంగా తెలివొచ్చిందని విని ఉంటే, మీరే చెప్పండి.

ఖాళీ కడుపు గురించి మీ అత్తగారికి నేనే చెబుతున్నానని చెప్పండి. అన్నం, బిస్కెట్, పాలు, పాలు కలిపిన టీ అన్నీ ఆరు గంటల ముందే ఆపాలి. మామూలు నీళ్ళు సాధారణంగా రెండు గంటల ముందు వరకూ ఇస్తారు. మీ డాక్టరు చెప్పిన టైమే లెక్క. కడుపులో ఆహారం ఉంటే మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాపం ఏడుస్తున్నాడని నాన్నమ్మ కొంగుచాటున పెట్టిన ఒక్క బిస్కెట్ కూడా ప్రమాదమే. పొరపాటున తింటే దాచకుండా చెప్పేయండి, తిట్టినా ఆపరేషన్ వాయిదా వేస్తారు, అంతే. అలాగని ముందు రాత్రి నుంచి నీళ్ళు కూడా ఇవ్వకుండా ఎండబెట్టకండి. దాహం వేసిన పిల్లవాడి చిరాకు కూడా భయంలాగే కనిపిస్తుంది. తెల్లవారుజామున పర్లాకిమిడిలో బయల్దేరి, ఖాళీ కడుపుతో అంత దూరం ప్రయాణం చేయించడం కంటే ముందు రోజే వెళ్ళి ఉండండి. లిస్టులో చిన్నపిల్లల్ని ముందు తీసుకుంటారా అని అడగండి. వెండి మొలతాడు, తాయెత్తు తీసేయమంటారు. అక్కడ నర్సు తెంపితే వాడికి అదో భయం, ఇంట్లోనే నాన్నమ్మ చేత విప్పించి, ఆమె దగ్గరే దాచమనండి. పాతపట్నం నుంచి ఒక ఆటో, టెక్కలి నుంచి ఒక కారు నిండా బంధువులు దిగకుండా చూసుకోండి. పదిమంది వచ్చి ముద్దులు పెట్టి కళ్ళొత్తుకుంటే ఎంత ధైర్యం ఉన్నవాడైనా జారిపోతాడు.

మత్తు వల్ల తెలివి తగ్గుతుందన్న భయం: దీని మీద పెద్ద పరిశోధనే జరిగింది. పసికందులుగా ఉన్నప్పుడు హెర్నియా ఆపరేషన్ అయిన పిల్లల్నే తీసుకుని, కొందరికి పూర్తి మత్తు, కొందరికి మెలకువలోనే వెన్ను మత్తు ఇచ్చి, అయిదేళ్ళ వయసులో తెలివితేటలు కొలిచారు. ఫలితాలు 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. గంటలోపు మత్తు ఇచ్చినవాళ్ళకీ మిగతావాళ్ళకీ తేడా కనిపించలేదు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్.డి.ఎ. 2016లో చేసిన హెచ్చరిక మూడేళ్ళలోపు పిల్లలకి, మూడు గంటలు దాటిన లేదా పదేపదే ఇచ్చే మత్తుకి సంబంధించినది. మీవాడికి ఆరేళ్ళు, ఆపరేషన్ చిన్నది. భయంతో వాయిదా వేస్తేనే ముప్పు. వాపు గట్టిపడి, లోపలికి పోకుండా, వాంతులూ ఏడుపూ మొదలైతే తేదీ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

లేచాక జరిగేది కూడా మీకు ముందే తెలియాలి. కొందరు పిల్లలు మత్తు దిగేటప్పుడు కేకలు వేస్తారు, కాళ్ళూ చేతులూ కొడతారు, అమ్మని కూడా గుర్తుపట్టరు. చూసేవాళ్ళకి ప్రాణం పోతుంది కానీ చాలామందికి అరగంట లోపే తగ్గిపోతుంది, తర్వాత వాళ్ళకి గుర్తుండదు. తెలివి వస్తుండగానే మిమ్మల్ని పిలవమని చెప్పి ఉంచండి. నొప్పి తెలియకుండా నడుము కింద ఒక ఇంజెక్షన్ మత్తులోనే ఇస్తే, కొన్ని గంటలు కాళ్ళు బరువుగా, తిమ్మిరిగా ఉండవచ్చు. బాబుకి ముందే చెప్పకపోతే కాళ్ళు పోయాయని ఏడుస్తాడు. చేతికి క్యాన్యులా ఉంటుందని కూడా చెప్పండి.

ఇంటికొచ్చాక వారం రెండు వారాలు పక్క తడపడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, మిమ్మల్ని వదలకుండా కొంగు పట్టుకుని తిరగడం ఉండవచ్చు. తిట్టకండి, మీ పక్కనే పడుకోనివ్వండి. బొమ్మకి పదిసార్లు ఆపరేషన్ చేస్తానంటే చెయ్యనివ్వండి. నెల దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. సైకిలు, గంతులు ఎప్పటినుంచో సర్జన్‌ని అడిగి, ఆ తేదీ కాగితం మీద రాయించుకుని బడిలో టీచరుకి ఇవ్వండి. వాడి మాట మీద మాత్రం వదలకండి, మూడో రోజుకే ఏమీ లేదంటాడు.